యాభై ఆరు రోజుల్లో కట్టిన ఓడ ఎనభై ఏళ్లు నిలిచిన వైనం

1943 మే 6న అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, సౌత్ పోర్ట్‌లాండ్ షిప్‌యార్డులో, ఒక సరకు ఓడకు వెన్నుదూలం పరిచారు. జూన్ 19న దాన్ని నీటిలోకి దించారు. జూన్ 30న యంత్రాలు, తుపాకులు, వంటపాత్రలతో సహా సర్వం సిద్ధం చేసి ప్రభుత్వానికి అప్పగించారు. మొత్తం పనికి పట్టింది 56 రోజులు. ఆ ఓడ పేరు జెరెమియా ఓబ్రయన్. అయిదేళ్లు నడిస్తే చాలు, పెట్టిన ఖర్చు గిట్టుబాటైనట్టే అన్న అంచనాతో కట్టిన ఈ ఓడ నేటికీ శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో నీటి మీదే ఉంది, తన మొదటి ఆవిరి యంత్రంతోనే కదులుతోంది. యుద్ధకాలంలో ఇదే నమూనాలో తయారైన 2,710 ఓడల్లో ఇలా నడవగల స్థితిలో మిగిలినవి రెండే రెండు. రెండోది బాల్టిమోర్‌లోని జాన్ డబ్ల్యు. బ్రౌన్.

ఇంత దీర్ఘాయుష్షు ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు అదృష్టం అనే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. అదృష్టం పాత్ర లేదని కాదు. అయితే ఓబ్రయన్ సేవా చరిత్రను మొదటి నుంచి పరిశీలిస్తే మరో కారణం కనిపిస్తుంది. కట్టే నాటికే పాతబడిందని ఇంజనీర్లు పెదవి విరిచిన యంత్ర పరిజ్ఞానమే ఆ ఓడను యుద్ధంలో నడిపించింది, యుద్ధం ముగిసిన మూడు దశాబ్దాల తర్వాత తిరిగి లేపింది కూడా. వేగం కోసం, కొత్తదనం కోసం కట్టిన ఓడలకు దక్కని ఆయుష్షు ఈ మోటు ఓడకు దక్కడానికి మూలం 1940లో జరిగిన కొన్ని నిర్ణయాల్లో ఉంది.

ఆ ఏడాది జర్మన్ జలాంతర్గాములు బ్రిటన్ సరకు ఓడలను ముంచుతున్న వేగాన్ని బ్రిటిష్ షిప్‌యార్డులు అందుకోలేకపోయాయి. యుద్ధనౌకల నిర్మాణానికీ మరమ్మతులకే వాటి సత్తువ సరిపోయేది. అందుకని సండర్లండ్‌కు చెందిన ఓడల నిర్మాత రాబర్ట్ సిరిల్ థాంప్సన్ నాయకత్వంలో ఒక సాంకేతిక బృందం 1940 సెప్టెంబరులో అమెరికాకు బయలుదేరింది. దాని దగ్గర ఉన్నది ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో సరకు రవాణా కోసం ఏళ్ల తరబడి మెరుగుపరుస్తూ వచ్చిన, ఏ ఆర్భాటమూ లేని ఒక ఓడ నమూనా. ఆ నమూనా మీద 60 ఓడలకు ఒప్పందం కుదిరింది. సగం కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో, సగం మెయిన్‌లోని సౌత్ పోర్ట్‌లాండ్‌లో కట్టాలి. అప్పటికి ఆ రెండు చోట్లా షిప్‌యార్డులు లేవు. వాటిని కూడా ఆ ఒప్పందం కిందనే కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. తర్వాత అమెరికా తన సొంత అవసరానికి అదే నమూనాను తీసుకుని, బొగ్గుకు బదులు చమురుతో మండే బాయిలర్లు అమర్చి, ఉక్కు రేకులను కలిపి బిగించే మేకుల్లాంటి రివెట్ల స్థానంలో చాలాచోట్ల వెల్డింగ్ ప్రవేశపెట్టి, లిబర్టీ ఓడలుగా పెద్ద ఎత్తున కట్టడం మొదలుపెట్టింది. మొదటి లిబర్టీ ఓడ పాట్రిక్ హెన్రీ 1941 సెప్టెంబరు 27న బాల్టిమోర్‌లో నీటిలోకి దిగింది. దాన్ని పూర్తిచేయడానికి 244 రోజులు పట్టింది. రెండేళ్లు తిరగకుండానే సగటు కాలం 42 రోజులకు తగ్గింది. రిచ్‌మండ్‌లో రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడను 1942 నవంబరులో అయిదు రోజులు నిండకుండానే నీటిలోకి దించారు గానీ, దాని వెనక ప్రచారం కోసం ముందుగా చేసిపెట్టుకున్న ఏర్పాట్లు చాలా ఉన్నాయి. నిజమైన ఘనకార్యం ఆ ఒక్క రికార్డులో కాదు, ఓబ్రయన్ లాంటి మామూలు ఓడలు నెలకు పదుల సంఖ్యలో, ఏ హడావుడీ లేకుండా బయటికి రావడంలో ఉంది.

ఓడ కొలతలు సాదాసీదావే. పొడవు 441 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 57 అడుగులు, సరకు నింపే గదులు అయిదు. పది వేల టన్నుల సరకు పడుతుంది. నాటి ప్రచారంలో చెప్పిన లెక్క ప్రకారం జీపులైతే 2,840, ట్యాంకులైతే 440 ఒక్క ఓడలో వెళ్లేవి. ఆ సరకును కదిలించే యంత్రం దగ్గరే అసలు వివాదం ఉండేది. 1940ల నాటికి కొత్త ఓడలకు ఆవిరి టర్బైన్లు గానీ డీజిల్ ఇంజన్లు గానీ అమర్చడం ఆనవాయితీ. లిబర్టీకి పెట్టింది మాత్రం మూడు దశల్లో ఆవిరి వ్యాకోచించే పిస్టన్ యంత్రం. అది పంతొమ్మిదో శతాబ్దపు పరిజ్ఞానం. 2,500 అశ్వశక్తి, గంటకు 11 నాటికల్ మైళ్ల వేగం, అంతే. కాన్వాయ్‌లో వెనకబడే ఓడ శత్రువుకు తేలిగ్గా చిక్కుతుందని తెలిసి కూడా ఈ వేగానికి ఒప్పుకోవడానికి బలమైన కారణం ఉంది. టర్బైన్ నుంచి వచ్చే అతివేగపు భ్రమణాన్ని, నీటిలో తిరుగుతూ ఓడను ముందుకు తోసే పంకా నిదానానికి తగ్గించే పళ్లచక్రాలను అత్యంత కచ్చితంగా కోయాలి. వాటిని కోయగల కర్మాగారాలు కొన్నే ఉండేవి, వాటినన్నింటినీ నౌకాదళం తన యుద్ధనౌకలకే కేటాయించుకుంది. పిస్టన్ యంత్రానికి ఆ పళ్లచక్రాల పనే లేదు. ఇనుము పోత పోసి, సానపట్టి, తొలిచే సామర్థ్యం ఉన్న ఏ మామూలు పెద్ద కర్మాగారమైనా దాన్ని తయారు చేయగలదు. ఓబ్రయన్ యంత్రం సముద్రానికి ఎంతో దూరంలో, ఒహాయో రాష్ట్రంలోని హామిల్టన్‌లో తయారైంది. ఒక కర్మాగారంలో చేసిన విడిభాగం మరో కర్మాగారపు యంత్రంలో సరిగ్గా ఇమిడేలా కొలతలన్నీ ఒక్కటే చేశారు. పాతది కాబట్టే ఎవరైనా చేయగలిగారు, ఎవరైనా నడపగలిగారు, ఏ రేవులోనైనా బాగుచేయగలిగారు.

ఓడ దేహం విషయం వేరు. యంత్రంలో పాత పద్ధతికి కట్టుబడిన వాళ్లే ఓడ దేహంలో కొత్త పద్ధతికి సాహసించారు. విడివిడిగా నేల మీద పెద్ద పెద్ద భాగాలను తయారుచేసి, క్రేన్లతో ఎత్తి తెచ్చి, ఒకదానికొకటి వెల్డింగ్‌తో అతికారు. రివెట్లు కొట్టడం ఏళ్ల అనుభవం కోరే పని. వెల్డింగ్ కొద్ది వారాల్లో నేర్పవచ్చు. సౌత్ పోర్ట్‌లాండ్‌లో పని ఊపందుకున్న కాలంలో దాదాపు 30 వేల మంది పనిచేశారు. వారిలో వేల సంఖ్యలో స్త్రీలు ఉన్నారు, వారిలో ఎక్కువ మంది అంతకుముందు ఓడ కట్టడం చూసినవారైనా కారు. బ్రిటన్ కోసం కట్టిన 30, అమెరికా కోసం కట్టిన 236, కలిపి 266 ఓడలు ఆ ఒక్క ఊరి నుంచి వెళ్లాయి.

ఈ వేగానికి చెల్లించిన మూల్యాన్ని దాచి ఓబ్రయన్ కథ చెప్పడం న్యాయం కాదు. చలి సముద్రాల్లో తిరిగిన లిబర్టీ ఓడల డెక్కుల మీద హఠాత్తుగా పగుళ్లు కనిపించసాగాయి. కొన్ని ఓడలు నడిసముద్రంలో రెండుగా విరిగాయి. 1943 నవంబరులో జాన్ పి. గెయిన్స్ అనే ఓడ అలూషియన్ దీవుల దగ్గర విరిగి పదిమంది చనిపోయారు. వెల్డింగ్ చేసిన కొత్త పనివాళ్ల చేతకానితనమే దీనికి కారణమని మొదట అనుకున్నారు. ఆ అభిప్రాయం పూర్తిగా సరైనది కాదని తేల్చినవారిలో కేంబ్రిడ్జిలో లోహాల మీద పరిశోధన చేసిన కాన్‌స్టన్స్ టిప్పర్ ముఖ్యురాలు. ఆ కాలపు ఉక్కు ఒక ఉష్ణోగ్రత కంటే చల్లబడితే వంగే గుణం పోయి పెళుసుబారుతుందని ఆమె పరీక్షలు చూపాయి. సరకు గది మూత ఉండే చోట డెక్కులో చతురస్రంగా కోసిన రంధ్రపు మూలల దగ్గర ఒత్తిడి పోగుపడేది. పగులు అక్కడ మొదలయ్యేది. రివెట్లతో కట్టిన ఓడలో అయితే ఒక రేకులో పుట్టిన పగులు ఆ రేకు అంచున ఆగిపోతుంది. వెల్డింగ్‌తో అతికిన ఓడలో రేకులన్నీ ఒకే ముక్క కాబట్టి పగులుకు అడ్డు ఉండదు. అందుకే తర్వాత మూలలను గుండ్రం చేశారు, డెక్కు పొడవునా ఉక్కు పట్టీలను రివెట్లతో బిగించారు. లోహపు పగుళ్ల శాస్త్రం తర్వాతి దశాబ్దాల్లో పెరిగిన తీరుకు ఈ ఓడల విషాదమే ఒక ప్రధాన ప్రేరణ. పగుళ్లు వచ్చిన ఓడలు వందల్లో ఉన్నా, విరిగిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఓబ్రయన్ సముద్రంలోకి వచ్చిన సమయం కూడా దాని పాలిట కలిసొచ్చింది. 1942లో జలాంతర్గాములు ఒక్కటే మిత్రపక్షాలకు చెందిన 60 లక్షల టన్నులకు పైగా ఓడలను ముంచాయి. ఓబ్రయన్ వెన్నుదూలం పరిచిన 1943 మే నెలలోనే ఆ పరిస్థితి తిరగబడింది. ఆ ఒక్క నెలలో 41 జర్మన్ జలాంతర్గాములు నాశనమయ్యాయి. వాటి అధిపతి డోనిట్జ్ మిగిలినవాటిని ఉత్తర అట్లాంటిక్ మార్గం నుంచి వెనక్కి పిలిపించాడు. ప్రమాదం పోలేదు, తగ్గింది. ఏడాది ముందు పుట్టిన లిబర్టీ ఓడలకు ఈ అవకాశం లేదు. యుద్ధం ముగిసేలోపు దాదాపు 200 లిబర్టీలు టార్పెడోలకు, బాంబులకు, మందుపాతరలకు, తుపానులకు బలైపోయాయి. గ్రేస్ లైన్ అనే సంస్థ ప్రభుత్వం తరఫున ఓబ్రయన్‌ను నిర్వహించింది. ఓడను నడిపింది వాణిజ్య నావికులు. ముందువైపు మూడంగుళాల ఫిరంగి, వెనక అయిదంగుళాల ఫిరంగి, చుట్టూ విమానాల మీద కాల్చే ఎనిమిది చిన్న తుపాకులు ఉండేవి, వాటిని చూసుకోవడానికి నౌకాదళపు సాయుధ సిబ్బంది విడిగా ఉండేవారు. ఒకే ఓడలో, ఒకే అపాయంలో ఉన్న ఈ రెండు బృందాలకు యుద్ధానంతరం దక్కిన గౌరవంలో చాలా తేడా ఉంది. నౌకాదళం వారికి మాజీ సైనికుల హోదా వెంటనే లభించింది. వాణిజ్య నావికులకు న్యాయస్థానం జోక్యం తర్వాత 1988లో గానీ దక్కలేదు. అప్పటికి వారిలో చాలామంది బతికి లేరు. ఈ అన్యాయాన్ని చిన్న విషయంగా చూడడానికి వీల్లేదు.

ఓబ్రయన్ మొత్తం ఏడు యాత్రలు చేసింది. మొదటి యాత్రల్లో అట్లాంటిక్ దాటి బ్రిటన్‌కు ఆహారం, ఆయుధాలు, వాహనాలు చేరవేసింది. దాని పేరు ప్రతిష్ఠలన్నీ నాలుగో యాత్రలో, 1944 వేసవిలో, ఇంగ్లిష్ చానల్‌లో చేసిన పనికి సంబంధించినవి. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద మిత్రపక్షాల దాడి అనగానే జూన్ 6 ఒక్కరోజే అందరికీ గుర్తొస్తుంది. నిజానికి ఆ రోజు తీరం చేరిన సైన్యం నిలబడాలంటే తర్వాతి వారాల్లో రోజూ వేల టన్నుల సరకు దిగాలి. దించడానికి రేవు లేదు. అందుకోసం మిత్రపక్షాలు కాంక్రీటు దిమ్మెలతో, పాత ఓడలను ముంచి కట్టిన అడ్డుగోడలతో తీరం దగ్గర కృత్రిమ రేవులు నిర్మించాయి. ఆ అడ్డుగోడల్లో మునిగినవాటిలో కొన్ని లిబర్టీ ఓడలే. జూన్ 19 నుంచి 22 వరకు వీచిన తుపానుకు అమెరికన్ రంగంలోని ఒమాహా దగ్గరి కృత్రిమ రేవు ధ్వంసమైంది. దగ్గర్లోని ఫ్రెంచ్ రేవు షెర్బోర్గ్ జూన్ చివర్లో చేతికి వచ్చినా జర్మన్లు దాన్ని పనికిరాకుండా చేసి పోయారు. కాబట్టి ఒమాహా, యూటా తీరాలకు సరకు వెళ్లాలంటే ఓడలు నడినీటిలో లంగరు వేసి, పక్కన చేరిన తెప్పల్లోకీ, నీటిలోనూ నేల మీదా నడిచే లారీల్లోకీ దించడమే ప్రధాన మార్గమైంది.

ఇక్కడే ఓబ్రయన్ లాంటి మోటు ఓడ విలువ తెలుస్తుంది. రేవు క్రేన్ల మీద ఆధారపడకుండా సరకు దించే ఏర్పాటు మొత్తం దాని డెక్కు మీదే ఉంది. మూడు స్తంభాలకు కట్టిన దూలాలు, వాటిని ఎత్తి దించే ఆవిరి వించీలు ఉండేవి, ఆ వించీలకు బాయిలర్ నుంచే ఆవిరి వెళ్లేది. అల మీద ఊగే ఓడ నుంచి, అదే అల మీద మరో లయలో ఊగే తెప్పలోకి, ఒక లారీని తాళ్లతో వేలాడదీసి దించడం ఎంత నేర్పు కోరే పనో ఊహించవచ్చు. తెప్ప పైకి లేచిన క్షణంలో లారీని దించితే చక్రాలు విరుగుతాయి, తెప్ప కిందికి జారేటప్పుడు తాడు వదిలితే సరిపోతుంది. వించీ నడిపేవాడి చెయ్యి ఆ క్షణాన్ని పట్టుకోవాలి. ఇంగ్లండ్ వైపు సైనికులనూ వాహనాలనూ ఎక్కించుకుని, నార్మండీ వైపు దించి, తిరిగి వెళ్లి మళ్లీ ఎక్కించుకుని, ఓబ్రయన్ ఇలా 11 సార్లు చానల్ దాటింది. శత్రునౌకను ముంచిన ఘనత దానికి లేదు. యుద్ధవర్ణనలకు పనికొచ్చే సంఘటనలూ తక్కువే. మందుపాతరలు ఉన్న నీటిలో, విమానదాడుల భయం మధ్య, చెప్పిన సరకు చెప్పిన చోటికి చేర్చడమే అది చేసిన పని. సరకు ఓడ సేవను కొలవాల్సింది ఆ కొలతతోనే.

చానల్ పని ముగిశాక ఓబ్రయన్ దక్షిణ పసిఫిక్, హిందూ మహాసముద్రాల వైపు మళ్లింది. చిలీ, పెరూ, న్యూగినీ, ఫిలిప్పీన్స్, భారతదేశం, చైనా, ఆస్ట్రేలియా రేవులను చూసింది. యుద్ధం చివరి దశలో మన తీరాలకు వచ్చిపోయిన అసంఖ్యాక సరకు ఓడల్లో అదీ ఒకటి. ఇలాంటి ఓడలు మోసుకొచ్చిన ప్రమాదం ఎంతటిదో భారతదేశానికి అనుభవమే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో పేలిపోయిన ఫోర్ట్ స్టికీన్ అదే బ్రిటిష్ నమూనా నుంచి పుట్టిన, కెనడాలో 1942లో కట్టిన ఓడ. దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్న ఓడలోనే కరాచీలో పత్తి బేళ్లనూ ఎక్కించారు. నిప్పు రాజుకుంది, వందలమంది ప్రాణాలు పోయాయి. అందులో ఓడ నిర్మాణ లోపం ఏమీ లేదు, సరకు అమర్చిన తీరే ఘోరం. ఓబ్రయన్ కూడా మందుగుండు మోసిన ఓడే అని తలచుకుంటే దాని సిబ్బంది రోజూ దేని మీద నిద్రపోయారో అర్థమవుతుంది.

ఆంధ్ర తీరానికి సంబంధించిన ఒక పోలిక కూడా ఇక్కడ చెప్పుకోదగినది. వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలోని సింధియా సంస్థ విశాఖపట్నంలో కట్టదలచిన షిప్‌యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ 1941 జూన్ 21న శంకుస్థాపన చేశారు. సౌత్ పోర్ట్‌లాండ్ యార్డులు రూపుదిద్దుకున్నదీ ఆ రోజుల్లోనే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, నిర్మాణం దెబ్బతింది. అక్కడ తయారైన మొదటి ఓడ, 8,000 టన్నుల జల ఉష, 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగింది. ఆ ఏడేళ్లలో అమెరికా కట్టిన లిబర్టీలు 2,710. తేడా పనివాళ్ల నైపుణ్యంలో లేదు, ఎందుకంటే మెయిన్ పనివాళ్లూ కొత్తవాళ్లే. యుద్ధ ప్రభుత్వం ఉక్కును, యంత్రాలను, డబ్బును ఎవరికి ముందు ఇచ్చిందన్న దానిలో ఉంది. వలస పాలనలో ఉన్న దేశానికి ఆ వరసలో చోటు దొరకలేదు.

యుద్ధం ముగియగానే లిబర్టీల అవసరం తీరిపోయింది. ప్రభుత్వం చాలావాటిని అమ్మకానికి పెట్టింది. గ్రీకు యజమానులు ఒక్కరే 500కు పైగా కొని, యుద్ధంలో పోగొట్టుకున్న తమ వ్యాపార నౌకాదళాన్ని వీటితోనే మళ్లీ నిలబెట్టుకున్నారు. అమ్ముడుపోనివాటిని రిజర్వ్ ఫ్లీట్ పేరుతో నదీముఖాల్లో వరసలుగా కట్టివేశారు. ఓబ్రయన్ 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎగువన ఉన్న సూసన్ బేలో చేరింది. అక్కడి నీటిలో నది కలిసి ఉప్పు తక్కువ, కాబట్టి తుప్పు, నాచు కూడా తక్కువే. యంత్ర భాగాలకు మందంగా జిడ్డు పూత పూసి, గదులు మూసేశారు. అలా 33 ఏళ్లు గడిచాయి. కొరియా యుద్ధానికి చాలా ఓడలను తిరిగి తీసుకెళ్లారు, మార్పులు చేశారు. ఓబ్రయన్‌ను ఎవరూ తాకలేదు. అమ్ముడుపోయిన లిబర్టీలు కొత్త యజమానుల చేతుల్లో రూపం మారి, అరిగి, 1960ల్లో తుక్కు కింద కరిగిపోతుంటే, ఎవరికీ అక్కరలేక పక్కన పడిన ఈ ఓడ మాత్రం 1946 నాటి రూపంలోనే మిగిలింది.

అలా మిగలడానికి ఒక అధికారి ఓర్పు కూడా తోడైంది. అమెరికా మారిటైమ్ అడ్మినిస్ట్రేషన్‌లో పనిచేసిన థామస్ ప్యాటర్సన్, తుక్కుకు పంపాల్సిన లిబర్టీల పరిశీలన బాధ్యత చూసేవారు. వందల ఓడలు ఎక్కి దిగిన ఆయనకు ఓబ్రయన్‌లో అసలు పరికరాలు, పటాలు, సామగ్రి చెక్కుచెదరకుండా ఉండడం కంటపడింది. జాబితా తయారు చేసిన ప్రతిసారీ దాని పేరును చివరికి నెడుతూ వచ్చారు. ప్రభుత్వ దస్త్రాల్లో ఇంత చిన్న జాప్యం ఒక చారిత్రక వస్తువును కాపాడిన ఉదాహరణలు అరుదు. చివరికి 1978లో ఓడను చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు, దాన్ని నిలబెట్టడానికి నేషనల్ లిబర్టీ షిప్ మెమోరియల్ అనే సంస్థ ఏర్పడింది.

తర్వాత జరిగినది ఈ వ్యాసం మొదట్లో చెప్పిన వాదనకు అసలైన రుజువు. మామూలుగా అలాంటి ఓడను తాళ్లు కట్టి ఈడ్చుకెళ్లి, ఏ డాక్‌లోనో బాగుచేస్తారు. ఓబ్రయన్‌ను అలా చేయలేదు. విశ్రాంత నావికులు, ఇంజనీర్లు స్వచ్ఛందంగా సూసన్ బేకే వెళ్లి, నెలల తరబడి జిడ్డు గీకి, గొట్టాలు పరీక్షించి, కట్టేసిన చోటే బాయిలర్ రాజేశారు. 1979 అక్టోబరు 6న 33 ఏళ్లుగా కదలని యంత్రం తన ఆవిరితో తానే తిరిగింది, ఓడ సొంతంగా రిజర్వ్ ఫ్లీట్ నుంచి బయటికి నడిచింది. అదే టర్బైన్ ఓడ అయివుంటే పళ్లచక్రాల్లో సన్నని తుప్పు పట్టినా విప్పకుండా తిప్పడానికి ఎవరూ సాహసించేవారు కాదు. పిస్టన్ యంత్రంలో కదిలే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది, సుత్తికీ ఆకురాయికీ లొంగుతుంది.

ఆ యంత్రగదిని కాస్త దగ్గరగా చూడాలి. 19 అడుగుల ఎత్తు, 21 అడుగుల పొడవు, దాదాపు 140 టన్నుల బరువున్న యంత్రం గది మధ్యలో పైకప్పు లేకుండా, కప్పివేత లేకుండా నిలబడి ఉంటుంది. బాయిలర్ నుంచి వచ్చిన ఆవిరి ముందు 24.5 అంగుళాల సిలిండర్‌లోకి వెళుతుంది. అక్కడ పని చేసి, ఒత్తిడి తగ్గి, 37 అంగుళాల సిలిండర్‌లోకి, చివరికి 70 అంగుళాల సిలిండర్‌లోకి చేరుతుంది. ఆవిరి బలహీనపడేకొద్దీ దానికి తోసే వైశాల్యం పెంచడం ఇందులోని కిటుకు. మూడు పిస్టన్లూ కింది క్రాంక్ షాఫ్ట్‌ను నిమిషానికి 76 సార్లు తిప్పుతాయి. ఆ నిదానమే మనిషిని యంత్రంతో పనిచేయనిస్తుంది. ఆయిలర్ నూనె డబ్బాతో చుట్టూ తిరుగుతూ, మనిషి కంటే పెద్దదైన ఉక్కు కడ్డీ తన వైపు వచ్చే లయను గమనించి, దానితోపాటు చెయ్యి ఊపి, ఒక్క క్షణం బేరింగ్‌ను తాకి వెనక్కి తీసుకుంటాడు. వేడి ఎక్కువగా తగిలితే నూనె అందడం లేదన్నమాట. లయ తప్పితే చెయ్యి పోతుంది. ఏ కొలపరికరమూ లేకుండా అరచేతితో యంత్రం ఆరోగ్యాన్ని తెలుసుకునే ఈ విద్య పుస్తకాల్లో నేర్చుకునేది కాదు. టైటానిక్ నౌక మీద 1997లో వచ్చిన సినిమాలో యంత్రగది దృశ్యాలకు ఈ యంత్రాన్నే చిత్రీకరించారు. తెర మీద అంతటి భారీ ఓడను నడుపుతున్నట్టు కనిపించింది ఓబ్రయన్ పిస్టన్లే.

1994 యాత్రతో ఈ ఓడ చరిత్ర రెండోసారి నార్మండీని తాకింది. దాడి జరిగి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా మూడు పాత సరకు ఓడలు కలిసి వెళ్లాలన్నది మొదటి ఆలోచన. మిగిలిన రెండూ మరమ్మతుల సమస్యలతో వెళ్లలేకపోయాయి. రిజర్వ్ ఫ్లీట్‌లోని పనికిరాని కొన్ని ఓడలను తుక్కుకు అమ్మి వచ్చిన సొమ్మును యాత్రకు వాడుకోవడానికి అమెరికా కాంగ్రెస్ అనుమతించింది. కెప్టెన్ జార్జ్ జాన్‌కు అప్పటికి 78 ఏళ్లు. సిబ్బందిలో చాలామంది డెబ్బై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవారు, వారితోపాటు కాలిఫోర్నియా మారిటైమ్ అకాడమీ విద్యార్థులు కొందరు. పనామా కాలువ మీదుగా అట్లాంటిక్ దాటి, ఇంగ్లండ్, ఫ్రాన్స్ రేవులు చూసి, పుట్టిన ఊరు పోర్ట్‌లాండ్‌కు కూడా వెళ్లి, అయిదున్నర నెలల్లో దాదాపు 18,000 మైళ్లు తిరిగి ఓడ క్షేమంగా ఇంటికి చేరింది. 1944లో ఆ తీరానికి వెళ్లిన దాదాపు ఏడు వేల ఓడలు, పడవల్లో, స్మారకోత్సవాలకు సముద్రాలు దాటి సొంత ఆవిరితో తిరిగి వెళ్లిన పెద్ద ఓడ ఇదొక్కటే.

అప్పటి నుంచి ఓబ్రయన్ ప్రదర్శనశాలగా ఉంటూనే, ప్రయాణికులతో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో విహారాలు చేస్తోంది. 2020 మే 23 తెల్లవారుజామున అది కట్టి ఉన్న 45వ నంబరు పియర్‌లో, అంటే ఓడలు కట్టే కట్టడం మీద, పెద్ద గిడ్డంగి తగలబడింది. మంటలు ఓడకు అతి దగ్గరగా వచ్చాయి. నగర అగ్నిమాపక శాఖకు చెందిన సెయింట్ ఫ్రాన్సిస్ అనే పడవ ఓడ పక్కకు చేరి నీళ్లు చల్లి కాపాడింది. తర్వాత ఓడను 35వ నంబరు పియర్‌కు మార్చారు. ఓడను నిలుపుకోవడంలో డబ్బు ఒక్కటే సమస్య కాదు. నిర్ణీత కాలానికి, నీళ్లు తోడేసి ఓడ అడుగును బాగుచేసే డ్రై డాక్‌లోకి తీసుకెళ్లి రేకుల మందం కొలవాలి, సన్నబడిన చోట మార్చాలి, బాయిలర్ గొట్టాలను తనిఖీ చేయించి కోస్ట్‌గార్డ్ అనుమతి పొందాలి. ఆవిరి యంత్రాలపై ఉద్యోగం చేసిన తరం దాదాపు వెళ్లిపోయింది. అందుకే ఈ ఓడ మీద బేరింగ్ తాకడం, బాయిలర్ రాజేయడం, ఆవిరి వించీ నడపడం పాతవాళ్లు కొత్త వాలంటీర్లకు పని చేయిస్తూనే నేర్పుతున్నారు. ఓడ కట్టలు విప్పి అఖాతంలోకి వెళ్లిన ప్రతి రోజూ వారికి అదే తరగతి గది.